తలలేని వాసుకి

బట్టల కొట్టు యజమానురాలు జీవితంలో ఏదీ ఊరికే ఇచ్చిన మనిషి కాదు. అలాంటిది, ఇంట్లో తరాలుగా ఉన్న నేత తెరను మ్యూజియానికి ఉచితంగా రాసిచ్చింది. అమ్మ కోసం. దేవతలూ రాక్షసులూ వాసుకిని తాడు చేసుకుని పాలకడలి చిలుకుతున్న బొమ్మ అది. పూర్వికులెవరో నేశారు. వాసుకి తలను ఎలకలు కొట్టేస్తే, అమ్మ కొత్త తల విడిగా నేసి కుట్టింది. ఆ పనిలోనే చూపు సగం పోయింది.

"నా చేతిపని పదిమందీ చూడాలే" అన్నదొక్కటే ఆవిడ కోరిక.

ఇవాళ మ్యూజియంలో ఆ తెర పెట్టిన గది తెరిచారు. అమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

"ఏమే, తలలేని పామును పట్టుకుని ఇంతమంది ఎటు లాగుతున్నారే?"

తల ఉండాల్సిన చోట బూడిదరంగు గుడ్డ ఉంది. కూతురికి అరికాలి మంట నెత్తికెక్కింది. వస్త్రాల విభాగం అధికారిని నిలదీసింది.

"అది తర్వాత వేసిన అతుకు మేడమ్. అసలు వస్త్రంలో భాగం కాదు. అందుకే విప్పేశాం. ఇక్కడ అన్నిటికీ అదే పద్ధతి" అన్నాడతను, పాఠం అప్పజెప్పినట్టు.

"మమ్మల్నొక మాట అడగడానికి నోరు పడిపోయిందా?"

"ఇచ్చేశాక అది మ్యూజియం సొత్తు కదండీ."

"తలేది? పారేశారా?"

"అయ్యో, సొరుగులో భద్రంగా ఉంది. అదీ మా సొత్తే."

అక్కడ దొరికాడు. బేరాల్లో ఎదుటివాణ్ణి వాడి మాటతోనే కట్టేయడం ఆమెకు ఇవాళ కొత్త కాదు.

"నేను రాసిచ్చింది ఈ తెరను. తల ఇందులో భాగం కాదని మీరే అన్నారు. భాగమైతే తిరిగి కుట్టండి. కాకపోతే మాది మాకు ఇచ్చేయండి. రెండూ మీకే కావాలంటే ఎలాగయ్యా?"

 అధికారి పక్కకెళ్లి పైవాళ్లకు ఫోన్ చేశాడు. చివరికి తల ఉన్న కవరు తెచ్చి చేతిలో పెట్టాడు.

"కుట్టడం మాత్రం కుదరదండి."

బేరం గెలిచింది కానీ, ఇంటికి పట్టుకెళ్లేది నష్టమేనని ఆమెకు తెలుసు. కోపం ఇంకా పెరిగింది.

"మన కొట్లో వేలాడదీస్తానమ్మా. పదిమందీ చూస్తారు."

"నీ కొట్లో పెడితే మీటరెంతని అడుగుతారే" అంది అమ్మ. తలను లాక్కుని, అద్దం మీద, బూడిదగుడ్డకు ఎదురుగా, సరిగ్గా మెడ దగ్గర అదిమి పట్టుకుంది.

"అద్దం ముట్టుకోకూడదు పెద్దమ్మా!" అంటూ కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

కూతురు అడ్డం నిలబడింది.

"ఆవిడ చెయ్యి నొప్పి పుట్టేదాకా ఎవరైనా ఇటొచ్చారో, మర్యాదగా ఉండదు."

ఆ అరుపుకి పక్క గదుల్లోని జనం కూడా చూడ్డానికి వచ్చారు.