గోడంత టీవీ

అక్షరం పెద్దదైతే చాలు, ఎంత చూపు తక్కువవాడైనా చదువుతాడు. ఇదీ పెయింటరు సిద్ధాంతం. జీవితమంతా దుకాణాల నెత్తిన బోర్డులు రాసిన మనిషి ఇంతకంటే గొప్ప సిద్ధాంతం ఎక్కణ్ణించి తెస్తాడు లెండి. "బోర్డు ఎవరి కంటా పడట్లేదయ్యా" అని ఏ కొట్టువాడైనా వచ్చి మొత్తుకుంటే ఆయన రంగు మార్చడు, గీత మార్చడు. అక్షరాన్ని జానెడు పెంచి పడేస్తాడు. బేరాలు పెరిగేవో లేదో దేవుడికెరుక, కొట్టువాడి నోరు మాత్రం మూతపడేది. తర్వాత్తర్వాత ఫ్లెక్సీలు అచ్చేసే యంత్రాలు వచ్చి, గోడంత బొమ్మను పూట తిరక్కుండా దించి పారేయడం మొదలెట్టాక ఆయన బ్రష్షులు మూలపడ్డాయి. సిద్ధాంతం మాత్రం చెక్కు చెదరలేదు. చివరికి అదే ఆయన కొంప ముంచింది.

పెయింటరు భార్య చొక్కాలకు కాజాలు కుట్టేది. దర్జీలు చొక్కాలు మూటగట్టి పంపితే, కాజాలు తీసి, బొత్తాలు వేసి, మడత పెట్టి తిరిగి పంపేది. వీధి వీధంతా ఆవిణ్ణి కాజాలక్క అనే పిలిచేది. పనిలో వంక పెట్టడానికి ఉండదు కానీ మనిషి మహా గట్టిది. ఎంగిలి చేత్తో కాకిని తోలదని సొంత తమ్ముడే నలుగురిలో అనేస్తాడు. ఆవిడ కూడా "తోలితే మెతుకులు రాలిపోవూ" అని నవ్వేస్తుంది.

అలాంటి మనిషి వేళ్ళలోకి సూదులు దిగబడటం మొదలైంది. పక్కన పెట్టుకున్న కత్తెర కోసం ఇల్లంతా వెతికేది. నడుస్తూ నడుస్తూ గుమ్మానికి భుజం కొట్టుకునేది. కంటి డాక్టరు ఆవిణ్ణి ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి చుక్కలు చూపించి, చివరికి పెదవి విరిచాడు. "చూపు అంచుల్లోంచి తగ్గుతూ వస్తుందమ్మా. దీనికి మందు లేదు. నిదానంగా తగ్గొచ్చు, తొందరగానూ తగ్గొచ్చు. ఎంతవరకు వచ్చిందో మీరే కనిపెట్టుకుని చెబుతుండాలి" అన్నాడు. పక్కన కూర్చున్న పెయింటరు చెవిలో పడింది "తగ్గుతుంది" అన్న ఒక్క ముక్కే. మిగతాదంతా ఆ దిగుల్లో గాలికి కొట్టుకుపోయింది.

ఆ రోజు నుంచీ కాజాలు మానేసింది. ఆ రోజు నుంచీ పొద్దున్నే టీ గ్లాసు చేతికి అందిస్తూ ఆయన అడిగేవాడు, "చూపు ఎలా ఉంది?" అని. "అలాగే ఉందండీ" అనేది ఆవిడ. ఆయనా గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకునేవాడు. అడగడం, చెప్పడం, ఊపిరి పీల్చుకోవడం. అంతే, ఇంకో మాట లేదు.

ఇలా ఉండగా ఇంట్లో పాత డబ్బా టీవీ ఒక మధ్యాహ్నం టప్పుమని పొగ కక్కి చచ్చింది. ఆవిడ చూసే సీరియల్లో అత్తగారు పాల గ్లాసులో ఏదో కలుపుతున్న ఘట్టం. కాజాలు పోయాక ఆవిడకు మిగిలిన కాలక్షేపం ఆ సీరియల్ ఒక్కటే. ఆ గ్లాసు కోడలు తాగిందో లేదో తెలీక ఆవిడ పక్కింటి గోడ దగ్గర నిలబడి "ఏమైందమ్మా, తాగేసిందా?" అని అడుగుతుంటే పెయింటరు విన్నాడు. ఉన్న చూపు కాస్తా పోకముందే ఈవిడకు పెద్ద టీవీ కొనిపెట్టాలి, ఆరునూరైనా కొనాలి అనుకున్నాడు. చాలా కాలానికి ఒక గోదాం గోడ మీద రాసే పని దొరికి, నాలుగు డబ్బులు చేతిలో ఉన్నాయి. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతులో పాత హుషారు వినిపించింది. ఆవిడ ఏదో అనబోయి, ఆ గొంతు విని ఊరుకుంది.

వ్యాను తోలే బావమరిదిని వెంటబెట్టుకుని ముగ్గురూ షాపుకి వెళ్ళారు. గోడ నిండా టీవీలు, అన్నిటిలోనూ అదే రంగురంగుల చేప, అన్నీ ఒక్కసారే తోక ఊపుతున్నాయి. టై కట్టుకున్న అమ్మకాలాయన ఎదురొచ్చి, పెయింటరు చెప్పుల వంక ఒకసారి చూసి, "బడ్జెట్ ఎంతండీ?" అన్నాడు.

"బడ్జెట్ సంగతి తర్వాత. అందరికంటే పెద్దది చూపించు" అన్నాడు పెయింటరు.

"బావా, తాహతుకు మించి ఎగరకు. తర్వాత మా అక్క నీకు మూడు పూటలా గంజే పోస్తుంది" అన్నాడు బావమరిది.

పెద్దది చూశారు. ధర విని బావా బావమరిదీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దాని పక్కది చూశారు, దాని పక్కది చూశారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, చేప ఎంత బాగా ఈదితే ధర అంత పైకి పోతోంది. చివరికి అమ్మకాలాయన గొంతు తగ్గించి, మూలనున్న ఒకటి చూపించాడు. పేరు వినని కంపెనీ. షాపులో చూపించడానికి వాడింది, అంచున ఒక గీత పడింది, అందుకని బాగా తగ్గించి ఇస్తాడట. గీత పడితే పడింది. రెండు చేతులూ చాచితే కానీ అటూ ఇటూ అందట్లేదు, అంత వెడల్పు! పెయింటరు వేళ్ళతో కొలిచి చూసుకుని మురిసిపోయాడు.

"ఏమంటావ్?" అని వెనక్కి తిరిగితే భార్య లేదు. ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ పోయి, ఫ్రిజ్జుల వరసకు వీపు తగిలి ఆగిపోయింది.

"టీవీ కొందామని తీసుకొస్తే ఫ్రిజ్జులో దూరతావేంటక్కా?" అని బావమరిది నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. చెయ్యెత్తి, కింది వరసలో చివరనున్న చిన్నదాన్ని చూపించింది. "అది తీసుకుందామండీ. అది బాగుంది."

"అది కొట్లలో బల్ల మీద పెట్టుకునేదమ్మా. ఇంట్లో ఎవరూ కొనరు" అన్నాడు అమ్మకాలాయన.

"మాకది చాలు."

ఇక పెయింటరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ చూపు కోసమని నేను ఇంత చేస్తుంటే, నీకు నాలుగు డబ్బులు మిగిల్తే చాలా? చచ్చాక మూట కట్టుకుపోతావా? ఎవరికి దాస్తున్నావే?" అని షాపంతా వినబడేలా అరిచాడు. వాషింగ్ మెషీన్ చూసుకుంటున్న వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"డబ్బు కోసం కాదండీ."

"మరి దేనికోసం? చెప్పు!"

ఆవిడ నోరు తెరిచింది. అమ్మకాలాయన ఉన్నవైపు చూసింది, తమ్ముడు ఉన్నవైపు చూసింది. "మీ ఇష్టం" అని తల దించుకుంది. అక్కడితో బేరం తెగింది. టీవీ వ్యానెక్కింది.

ఇల్లు చిన్నది. ముందుగదిలో మంచం వేస్తే, దానికీ గోడకీ మధ్య మనిషి అడ్డంగా నడిచే చోటు ఉంటుంది. పెయింటరు సుద్దదారం కొట్టి, మట్టం చూసి, గీటు పక్కకు పోకుండా తన చేత్తోనే టీవీ బిగించాడు. గోడ గోడంతా టీవీయే. వీధిలో వాళ్ళు తొంగి చూసి, సినిమా హాలు నట్టింట్లోకొచ్చిందన్నారు. భార్యను మంచం మీద సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి, సీరియల్ పెట్టి, ఆయన తెర వంక కాక ఆవిడ వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ తల అటూ ఇటూ తిప్పుతోంది, పైకీ కిందికీ తిప్పుతోంది. ఎంత సంబరపడిపోతోందో పిచ్చిది అనుకున్నాడు.

వారం తిరగకముందే ఆవిడ మంచం దిగి వంటగది గుమ్మంలోకి చేరింది. కూర తరుగుతూ చూస్తోందిలే అనుకున్నాడు. ఆ తర్వాత ముక్కాలిపీట వాకిట్లో వేసుకుని, వీధి తలుపు బార్లా తీసిపెట్టి, అక్కణ్ణించి చూడటం మొదలెట్టింది. అప్పుడు అర్థమైంది ఆయనకు. అంటే, అర్థమైందనుకున్నాడు. తన మాట నెగ్గలేదని అలిగింది. డబ్బు పోయిందన్న ఏడుపు టీవీ మీద తీర్చుకుంటోంది. అనుకున్న కొద్దీ పెయింటరుకు ఒళ్ళు మండుకొచ్చింది. పొద్దున్నే చూపు సంగతి అడగటం కూడా మానేశాడు. తను కొన్న టీవీ ముందు తానొక్కడే కాళ్ళు చాపుకుని, అక్కర్లేని వార్తలన్నీ చెవులు చిల్లులు పడేలా పెట్టుకుని కూర్చునేవాడు. ఇద్దరే ఉన్న ఇంట్లో మాటల్లేకపోతే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. సీరియల్ వచ్చే వేళ. ఆవిడ తలకు తువ్వాలు చుట్టుకుని, వాకిట్లో ముక్కాలిపీట మీద, చినుకుల్లోనే కూర్చుంది. వీధిలో పోయే వాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

పెయింటరు ఇక తట్టుకోలేకపోయాడు. విసురుగా వెళ్ళి ఆవిడ రెక్క పట్టుకుని లేపాడు. "ఏంటీ పంతం? మొగుడు మెడబట్టి బయటికి గెంటాడని ఊరంతా అనుకోవాలా? నీ డబ్బేమైనా తగలేశానా నేను? లోపలికి నడు!"

ఆవిడ మంచం మీద కూలబడి, తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంది. "పంతం కాదండీ" అంది. "ఇక్కడ కూర్చుంటే ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. అత్తగారి ముఖం చూస్తే కోడలు ఉండదు. కోడలి కోసం వెతుక్కుంటే అత్తగారు మాయం. ఎవరు ఎవరితో అంటున్నారో తెలీడం లేదు. వాకిట్లోంచైతేనే అందరూ ఒక్కచోట కనిపిస్తారు."

ఆయనకు మొదట బోధపడలేదు. తర్వాత మెల్లగా డాక్టరు అన్న మాటలు వరసగా గుర్తొచ్చాయి. అంచుల్లోంచి అన్నాడు. అంచుల్లోంచి.

టీవీ ఆపేశాడు. నల్లగా నిగనిగలాడుతున్న తెర మధ్యలో ఎడమచేతి వేలు పెట్టాడు. కుడిచేత్తో సుద్దముక్క తీసుకున్నాడు. "నా వేలే చూస్తూ ఉండు. కళ్ళు కదపకు. సుద్దముక్క కనబడగానే చెప్పు."

ఒక చివర నుంచి మొదలెట్టి సుద్దముక్కను లోపలికి జరిపాడు. జరుపుతూనే ఉన్నాడు. ఆవిడ మాట్లాడదు. "కళ్ళు తెరిచే ఉన్నావా?" అని అడిగాడు కూడా. వేలికి ఇంక జానెడు దూరం కూడా లేదనగా "ఆఁ" అంది. అక్కడ చుక్క పెట్టాడు. ఇటు నుంచి జరిపాడు, పై నుంచి, కింద నుంచి, మూలల నుంచి జరిపాడు. చుక్కలన్నీ కలిపి గీశాడు. అన్నం తినే పళ్ళెమంత సున్నా వచ్చింది. చుట్టూ గోడంత టీవీ ఖాళీగా నల్లగా ఉంది.

పెయింటరు సుద్దముక్క కింద పెట్టాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"కాజాలు మానేసిన దగ్గర్నుంచీ దగ్గరకొస్తూనే ఉంది."

"రోజూ అడిగాను కదే! అలాగే ఉందన్నావు కదే!"

"ఏం చెప్పమంటారు? బ్రష్షులు మూలపడ్డప్పటి నుంచీ మీరు మనిషిలో మనిషిగా లేరు. ఇదొకటి ఎత్తి నెత్తిన పెట్టనా?"

"పోనీ షాపులోనైనా చెప్పొచ్చుగా. అన్ని మాటలు అన్నాను."

"నలుగురిలో పిసినారి అనిపించుకోవడం నాకు అలవాటేనండీ" అంది ఆవిడ. "గుడ్డిది అనిపించుకోవడం ఇంకా అలవాటు కాలేదు."

పెయింటరుకు ఏడుపు ఆగలేదు. మగాడు ఏడవకూడదని ఎవరన్నారో కానీ వాడికి పెళ్ళామూ లేదు, బుద్ధీ లేదు. నేల మీద కూర్చుని ఆవిడ మోకాళ్ళ దగ్గర తల పెట్టి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, "అది ఇచ్చేసి చిన్నది తెస్తాను, రేపే తెస్తాను" అని అదే మాట పదిసార్లు అన్నాడు. ఆవిడ ఆయన తల నిమిరింది. తర్వాత గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తించి చూసింది.

"నేను కనిపిస్తున్నానా?" అని అడిగాడు.

"కన్ను కనిపిస్తోంది. కిందికి చూస్తే నోరు. మొత్తం మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో." గడ్డం వదిలి అంది, "ఒక్కసారి దూరంగా వెళ్ళి నిలబడతారా?"

ఆయన లేచి, వాకిట్లోకి వెళ్ళి, ఇటు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ తడుముకుంటూ వచ్చి గుమ్మం పట్టుకుంది.

"కాళ్ళు లేవండీ. ఇంకొంచెం వెనక్కి."

వెనక్కి జరిగాడు.

"ఇప్పుడు తల లేదు. ఇంకా. ఇంకొంచెం."

వీపుకు గేటు తగిలింది. ఇక జరగడానికి చోటు లేదు.

"ఆఁ, వచ్చారు, వచ్చారు!" అని చిన్నపిల్లలా అరిచింది. గుమ్మంలోంచి అలాగే చూస్తూ నిలబడింది. కాసేపటికి ఆ గొంతు మారిపోయింది. "జుట్టంతా నెరిసిపోయిందేంటండీ? భుజాలు అలా వంగిపోయాయేంటి? నాతో ఒక్కమాటైనా అనలేదేం?"

ఆయన వెనక్కి చెయ్యి పెట్టి గేటు తడిమి చూశాడు. వచ్చే ఏడాది ఈవిడకు తాను ఈమాత్రం కనబడాలంటే, గేటు తీసుకుని వీధిలోకి నడవాలి. ఆపై ఏడాది ఆ వీధి కూడా దాటాలి. వాన పెద్దదైంది.

"తడిసిపోతున్నారు, లోపలికి రండి" అంది ఆవిడ.

ఆయన ఒక్క అడుగు కూడా కదపలేదు.