పెద్దమ్మ చెప్పిన క్రాసు

మారెప్ప పికప్పు కదిలేటప్పుడు కింద టక్కుమనేది. రివర్సు ఏసినా టక్కే. నిదానంగా పోతాంటే పిచ్చుకపిల్ల మాదిరి కీచుకీచుమనేది. పెనుకొండ దిగువలో స్పీడు అందుకుంటే సీటు కింద ఎవరో ఇసర్రాయిలో రాగులు ఇసురుతాన్నట్ల గుర్రుమనేది. బండి ఇన్ని రకాలుగా మొత్తుకుంటాంటే వినేవోళ్ళు శానామంది ఉండారు. కిందికి వంగి చూసేవోళ్ళే లేరు.

ఆ బండికి ఉండేది ఒకటే బాడుగ. హిందూపురం పక్కన తిమ్మప్పకు చాకీ సెంటరుంది. గుడ్లు పగిలినాక పట్టుపురుగుల్ని రెండో జొరం దాకా, అంటే రెండోతూరి పొర ఇడిచేదాకా, సాకి రైతులకు అమ్ముతాడు. ఆ పసిపురుగుల్ని చెన్నేకొత్తపల్లి పక్క రైతులకు చేర్చేది మారెప్ప. పట్టుపురుగులు సాకే ఇంట్లో గట్టిగా తుమ్మనీరు, తాలింపు పెట్టనీరు, కొత్త మనిషిని గడప దాటనీరు. అట్లాంటోళ్ళు టక్కుటక్కుమంటా వచ్చే బండిని చూసి ఊరుకుంటారా? ఒకాయన ఇంట్లో పురుగులు మేత ముట్టలేదంట. ఆకు తడిగా ఉండిందేమోనని ఎవరూ అడగలేదు. బండి సౌండుకు పురుగులు బెదురుకున్నాయని తీర్మానం అయిపోయింది.

తిమ్మప్ప అరిచే మనిషి కాదు. అందుకే ఆయన మాటంటే ఇంకా భయం.

"వచ్చే బేస్తవారం లోడుకు ఆ సౌండు ఉండగూడదప్పా. ఉంటే నేను ఇంకో బండి చూసుకోవల్ల," అన్నాడు.

మారెప్ప బండి తోలుకోని డాక్టర్లను వెతుక్కుంటా పోయినాడు. హిందూపురంలో మెకానిక్కు స్టూలు దిగకుండా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోని విని, గేరుబాక్సు అన్నాడు. ధర్మవరంలో ఇంకొకాయన టీ తాగుతా విని, ఎనక ఇరుసు అన్నాడు. పెనుకొండలో శ్రీరాములు చిన్నప్పటి జతగాడు కాబట్టి వినకుండానే సైలెన్సరు అన్నాడు. మూడు ఊర్లు తిరిగితే మూడు రోగాలు తేలినాయి. జతగాని మాట కొట్టేయలేక సైలెన్సరు మార్పించినాడు. ఆ పొద్దు నుంచి బండి అరుపు తగ్గి, టక్కు ఇంకా బాగా వినపడబట్టింది.

మారెప్ప కూతురు పవిత్ర ఆటోమొబైల్ డిప్లొమా చేసింది. ఆమె చదివిన పాలిటెక్నిక్కు ల్యాబులో ఎర్రరంగు, పచ్చరంగు పూసిన షాఫ్టు ఒకటి అద్దాల పెట్టెలో ఉండేది. ఏటా దానికి ఆయుధపూజ చేసి కుంకుమ పెట్టేవాళ్ళు గానీ పెట్టె తాళం తీసిన పాపాన పోలేదు. కాబట్టి పవిత్ర షాఫ్టు బొమ్మ కండ్లు మూసుకోని గీస్తుంది. నిజం షాఫ్టు చేతికి తగిలింది మాత్రం లేదు.

ఆదివారం మధ్యాన్నం నాయన కునుకు తీస్తాంటే టైర్లకు రాళ్ళు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్లో ఏసి, గోనెసంచి పరుచుకోని బండి కిందికి దూరింది. గేరుబాక్సు నుంచి ఎనక ఇరుసుకు పోయే పొడుగాటి కడ్డీనే షాఫ్టు. దాని అతుకు కాడ కూడిక గుర్తు మాదిరి ఒక ఇనపముక్క ఉంటాది, దాన్నే క్రాసంటారు. షాఫ్టు పట్టుకోని ఇటూ అటూ తిప్పింది. అవతలి ముక్క కదలకముందే ఇవతలిది వదులుగా ఆడింది, టక్కుమని. క్రాసు మూతల చుట్టూ కారప్పొడి మాదిరి తుప్పు. గ్రీసు వాసన కూడా లేదు. పవిత్రకు ముందు సంతోషమైంది, పుస్తకంలో ఉండేది నిజమేనని. తర్వాత భయమైంది. ఇది తెగితే షాఫ్టు రోడ్డు మింద పడేది ఏ పెనుకొండ దిగువలోనో, నాయన పురుగులతో పోతాన్నప్పుడే.

నాయనను లేపి అంతా చెప్పింది. ఆయన కడదాకా విని ఒకటే అడిగినాడు.

"నువ్వు బండి కింద పండుకోనుండేది ఎవురన్నా చూసినారా పాపా?"

ఆమె పోరు పడలేక శ్రీరాములు కాడికి పోయి చెప్పినాడు గానీ, ఆయన నవ్వి, పుస్తకంలో బండ్లు వేరే, రోడ్డు మింద బండ్లు వేరే అన్నాడు. క్రాసే అయితే ముగ్గురు మెకానిక్కులకు తెలీకుండా ఉంటాదా అని మారెప్ప కూడా తలూపినాడు. ఆ ముగ్గురూ మూడు రకాలు చెప్పిన సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఇంట్లో మాట చెల్లేది ఒక్క నల్లమ్మవ్వకే. మారెప్ప తల్లి. మంగళవారం మంగళవారం ఆమెకు పెద్దమ్మ పూనుతుంది. గొర్రెలు తప్పిపోతే ఏ దిక్కుకు పోయినాయో, బోరు యాడ ఏయల్లనో అన్నీ చెప్తుంది. నీళ్ళు పడకపోతే బోరు ఏసినోడి చెయ్యి మంచిది కాదంటారు గానీ, అమ్మ మాట తప్పిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

సోమవారం సాయంత్రం అవ్వ శెనక్కాయలు ఒలుస్తా మనవరాల్ని కూసోబెట్టుకోని, మొగం ఎందుకట్ల ఏలాడేసుకోనుండావని అడిగింది. పవిత్ర చెప్పింది. అవ్వ ఒలిచేది ఆపకుండానే, ఆ పేరేమి మళ్ళీ చెప్పమనింది. యాడుంటాదో శెనక్కాయ పొట్టుతో నేల మింద పేర్చి చూపీమనింది. రెండు మూడు తూర్లు అప్పజెప్పింది కూడా.

పవిత్ర గొంతు తగ్గించి, "అయితే పూనకం నిజం గాదా అవ్వా?" అని అడిగింది.

"అమ్మ వచ్చేది నిజమేనే," అనింది అవ్వ, పొట్టు ఊదుతా. "వచ్చినాక ఏమి పలకల్లనో అమ్మకు మాత్రం ఎవురో ఒకరు చెప్పొద్దా?"

మంగళవారం ఏపాకులు, పసుపునీళ్ళు, పలక మోత. శ్రీరాములు కూడా తన పని మీద వచ్చి ఎనక నిలబడినాడు. మారెప్ప కర్పూరం ముట్టించి బండి సంగతి అడిగితే అవ్వ ఊగుతా అందుకుంది.

"నడుము అరిగిపోయిందిరా. ఈ ముసల్దాని నడుము మాదిరే నీ బండి నడుమూ అరిగుండాది."

"యాడ తల్లీ?"

"షాఫ్టు కాడ. కూడిక గుర్తు మాదిరి ఉండేది. క్రాసు. ఎన్నాళ్ళాయెరా నువ్వు దానికి గ్రీసు పెట్టి?"

శ్రీరాములు చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. అమ్మ ఆయన పక్కకు తిరిగింది.

"ఇప్పే ముందర సున్నంతో గీటు పెట్టు శ్రీరాములూ. గీటుకు గీటు కలిపి కట్టల్ల. తప్పితే వణుకు తగులుతాది, బండికీ నీకూ."

అంతవరకు పవిత్ర నేర్పిందే. అమ్మ అంతటితో ఆగలేదు.

"సామాన్లకు ధర్మవరం పోయేటప్పుడు ఈ ముసల్దాన్ని ముందర సీట్లో కూసోబెట్టుకోని పోండి."

మరుసటి దినం శ్రీరాములు స్నానం చేసి వచ్చి బండి కిందికి దూరినాడు. గీటు పెట్టి, ఇప్పి, క్రాసు బయటికి తీసినాడు. మూతల్లో సన్న సూదుల మాదిరి ఉండల్సిన బేరింగులు పొడి పొడి అయిపోయినాయి. మూత లోపల ఉండేది కూడా అమ్మ కంటికి కనపడిందే అని అందరికీ చూపించి, పవిత్రను కూడా పిలిచి, "చూడు పాపా, పని నేర్చుకుంటావు," అన్నాడు. షాఫ్టు ఇప్పిన బండి కదలదు కాబట్టి, శ్రీరాములు తెచ్చిన ట్రాలీ ఆటోలో అవ్వ ముందర సీట్లో కూసోని వక్కాకు నమలతా ధర్మవరం పోయి వచ్చింది. పవిత్ర ఎనక తొట్లో కూసోనింది.

కొత్త క్రాసు బిగించినాక శ్రీరాములు దానికి నిమ్మకాయ కట్టబోయినాడు. తిరిగే షాఫ్టుకు ఏమీ కట్టగూడదని పవిత్ర చెప్తే వినలేదు. అవ్వ దగ్గితే ఆగినాడు.

బేస్తవారం లోడు చప్పుడు లేకుండా పోయింది. ఎంత చప్పుడు లేకుండా అంటే, చెన్నేకొత్తపల్లిలో రైతులు బండి వచ్చింది తెలీక ఇండ్లల్లోనే ఉండిపోయినారు. మళ్ళ లోడు కూడా నీదేనని తిమ్మప్ప మారెప్పకు చెప్పి, శుక్రవారం తెల్లారేసరికి తన జీపు తోలుకోని ఇంటికొచ్చినాడు. ఎడమకు తిప్పితే ముందర కటకటమంటాదంట, అమ్మను అడగల్లంట.

"అమ్మ మంగళవారమే పలుకుతాదప్పా. బండి ఈడ పెట్టి పో," అనింది అవ్వ.

తిమ్మప్ప మలుపు తిరిగినాక ఆమె గోనెసంచి తీసి మనవరాలి కాళ్ళకాడ ఏసింది. "పోయే, చూసిరాపో. అమ్మకు టైముండల్ల గదా."

మారెప్ప బయటికి వచ్చేసరికి జీపు కింద నుంచి పవిత్ర కాళ్ళు రెండూ వీధిలోకి కనపడతాండాయి. పోయేవోళ్ళు వచ్చేవోళ్ళు నిలబడి చూస్తాండారు. ఆయన ఏదో అనబోయి, తల్లి మొగం చూసినాడు. తర్వాత పోయి, రెండు రాళ్ళు తెచ్చి టైర్లకు అడ్డం పెట్టినాడు.