ఎవరూ కాదనని మాటలు

ఆస్ట్రేలియాలో బండబర్గ్ అనే ఊళ్లో, బౌల్స్ క్లబ్బు వెనక గదిలో మంగళవారం మధ్యాహ్నాలు అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆడేవాళ్లకి మెర్ల్ హాస్కింగ్ అంటే హడల్. ఎవరైనా బల్ల మీద దొంగమాట పేర్చారా, బిళ్లల మీంచి చెయ్యి తియ్యకముందే "ఛాలెంజ్!" అని అరిచేది. నిఘంటువు తెరిచేవాళ్లు. అందులో ఆ మాట లేకపోతే బిళ్లలన్నీ వెనక్కి తీసుకుని, వంతు పోగొట్టుకుని, మొహం వేలాడేసుకుని కూర్చోవాల్సిందే. ఎవరూ నోరెత్తకపోతే మాత్రం ఎంత దొంగమాటైనా చెల్లిపోతుంది. అదీ ఆట. కానీ మెర్ల్ ఉండగా చెల్లడమా! తన మొగుడి అంత్యక్రియలు జరిపించిన పాస్టరు గారు మరుసటి వారం సరదాపడి ఆటకొస్తే, పాపం ఆయన్ని కూడా వదల్లేదు మహాతల్లి.

ఆ మెర్ల్‌ని నిలబెట్టి ఓడించగలిగింది డెస్లీ ఒక్కతే. పోస్టాఫీసులో పని చేసి రిటైరైంది. తక్కినవాళ్లు మాటల్ని బట్టీ పట్టేవాళ్లు, అర్థంతో పనేముంది, పాయింట్లొస్తే చాలు. డెస్లీకి అది గిట్టేది కాదు.

"అర్థం తెలీకుండా మాట వాడటమేంటే, పేరు తెలీని మనిషిని ఇంట్లో పెట్టుకున్నట్టు?" అని మెర్ల్‌ని దెప్పేది. టీలోకి గుమ్మడికాయ స్కోన్లనే చిన్న రొట్టెలు తింటూ చెప్పేది: జడలబర్రెకీ ఆవుకీ పుట్టిన దూడ 'జో'. తోలుతో కట్టిన పడవ 'ఊమియాక్'. ఎడారిలో నేల కింద తవ్విన నీళ్ల కాలువ 'క్వానత్'. వెక్కిళ్లొస్తే అది 'యెక్స్'. మెర్ల్‌కి వచ్చిన అర్థాలన్నీ డెస్లీ నోటి నుంచి వచ్చినవే.

పోయిన చలికాలంలో డెస్లీకి మతిమరుపు జబ్బని తేల్చారు. కూతురు కెరిన్ ఒకరోజు కారు దగ్గర మెర్ల్ చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, అమ్మ వారమంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. మంగళవారం ఒక్కరోజే తనంతట తాను తల దువ్వుకుంటుంది, లిప్‌స్టిక్ వేసుకుంటుంది. ఈ ఆట కూడా పోతే ఇంక మనిషి మిగలదు."

మెర్ల్ ఆ రోజే డెస్లీ లేకుండా చూసి గదిలో అందరికీ వార్నింగ్ ఇచ్చింది. "డెస్ ఏం పెట్టినా ఎవరూ కిక్కురుమనకూడదు. ఛాలెంజ్ అన్నారో, పళ్లు రాలగొడతా."

ఎవరంటారు? ఇక ప్రతి మంగళవారం డెస్లీ నోరు తిరగని ఏవో అక్షరాలు పేర్చడం, ఏదో అర్థం చెప్పడం, అందరూ "ఓహో" అనడం. మెర్ల్‌కి ఇది మింగుడుపడేది కాదు. ఆ బల్ల దగ్గర జీవితమంతా ఎవరి తప్పూ సహించని మనిషి, పళ్ల బిగువున తలూపుతూ కూర్చునేది. అయినా డెస్లీ వెలిగిపోయే మొహంతో ఇంటికెళ్తుంటే, పోనీలే, చేసింది మంచి పనే అనుకునేది.

ఆ ఏటి చెరకు సీజన్ ఆఖరి రోజుల్లో ఒక మంగళవారం, డెస్లీ చాలాసేపు ఆలోచించి నాలుగు బిళ్లలు పెట్టింది. 'గ్రోబ్'.

"అంటే?" అంది మెర్ల్, మామూలుగానే.

"చెరకు నరికేవాళ్లు నడుముకి కట్టుకునే గుడ్డ. చెమట కారకుండా."

మెర్ల్ చెరకు తోటల్లో పుట్టింది. వాళ్ల నాన్న ఒళ్లు హూనమయ్యేదాకా చెరకు నరికాడు. అలాంటి గుడ్డా లేదు, అలాంటి మాటా లేదు. అయినా తడుముకోకుండా అనేసింది: "అవునవును, మా నాన్న కట్టుకునేవాడు."

డెస్లీ తలెత్తి చూసింది. కళ్లు ఒకప్పటిలా తేటగా ఉన్నాయి, అది చూసి మెర్ల్‌కి భయమేసింది.

"మీ నాన్న కట్టుకునేవాడా?"

"ఆఁ... ఎప్పుడో చిన్నప్పుడు చూశా."

"దాన్ని నేను పొద్దున్న కారులో వస్తూ కల్పించానే మెర్ల్. ఎవరూ ఛాలెంజ్ అనట్లేదని అనుమానమొచ్చి, నీకు ఇట్టే తెలిసిపోయే అబద్ధమే కావాలని వెతుక్కున్నా."

పక్క బల్ల వాళ్లు తమ బిళ్లల వంక చూస్తూ కూర్చున్నారు.

"ఎప్పట్నించి?" అంది డెస్లీ.

"చలికాలం నించి." మెర్ల్ ఒప్పేసుకుంది. "నేనే చెప్పానే అందరికీ. వాళ్ల తప్పేం లేదు. నీ మంగళవారం పోకూడదని..."

"అంటే నేను ఆడుతున్నాననుకున్నాను. చంటిపిల్లని ఆడించినట్టు మీరు నన్ను ఆడిస్తున్నారన్నమాట."

"డెస్, అట్లా అనకే."

"మరెట్లా అనాలి? నా మీద జాలిపడేవాళ్లు ఎక్కడ చూసినా ఉన్నారు. నర్సు, కెరిన్, ఆఖరికి మందుల షాపులో పిల్ల కూడా. తప్పయితే తప్పని మొహం మీద అనేదానివి నువ్వొక్కదానివే మిగిలావనుకున్నా. మెర్ల్ ఛాలెంజ్ అనలేదంటే నా మాటలింకా నాతోనే ఉన్నాయి అనుకుని, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయేదాన్ని."

మెర్ల్ చెయ్యి చాపింది. డెస్లీ చెయ్యి ఇవ్వలేదు, కోపంతో కాదు, ఇంకా ఏదో అడగాల్సింది ఉన్నట్టు ఒళ్లో దాచుకుంది.

"ఒక్కటి చెప్పు. ఈ నెలల్లో నేను నిజమైనది ఏదైనా పెట్టానా? పిల్లి, కప్పు లాంటివి కాదు. జో, క్వానత్ లాంటి మన మాటలు."

"అయ్యో, బోలెడు పెట్టావు!"

"ఒక్కటి చెప్పవే."

మెర్ల్ నోరు తెరిచింది. బుర్రలో మాటలకి కొదవా? పడవలు, కాలువలు, దూడలు, వేలకి వేలు మెదిలాయి. వాటిలో చలికాలం తర్వాత డెస్లీ పెట్టింది ఒక్కటీ లేదు. ఏదో ఒకటి అనేసినా సరిపోయేది, కానీ ఆ కళ్లలోకి చూస్తూ మరో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

డెస్లీ తన ముందున్న బిళ్లల్ని నెమ్మదిగా సంచిలో వేసింది.

"సరేలే. కెరిన్‌కి ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తుంది. వచ్చే వారం నుంచి నా కుర్చీ ఎవరికన్నా ఇవ్వండి."

మెర్ల్ ఫోన్ తీసింది గానీ, కన్నీళ్లకి ఏమీ కనపడక అలాగే పట్టుకుని నిలబడిపోయింది.