అన్న పేరుతో పుట్టిన ప్లేటు

నేను ఒక ఇనుప ప్లేటును. రేకు అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అరచేయంత వెడల్పు, పైన ఒక రంధ్రం, కింద ఒక రంధ్రం. పై రంధ్రంలో పిన్ను దూరుతుంది, కింది రంధ్రానికి కొక్కెం తగులుతుంది. ఆ కొక్కేనికి ఏం వేలాడదీస్తారో మీ ఇష్టం, మోయడం నా పని.

నేను పుట్టింది విశాఖలో, గాజువాక ఆటోనగర్‌లోని ఒక షెడ్డు మేడ మీద, కంప్యూటరులో. అప్పటికే అక్కడ మా అన్న ఉన్నాడు. నాకు నాలుగింతల మందం. చేపల రేవులో బోటు ఇంజన్లు పైకెత్తే గ్యాంట్రీ క్రేను కోసం దివాకర్ అనే పెద్ద డిజైనరు అతన్ని గీశాడు. లెక్క ఒకసారి కట్టి, నమ్మకం చాలక మళ్లీ కట్టి, అన్నకు ఒక పేరు పెట్టి, పేరు చివర 'ఎ' అని అక్షరం తగిలించాడు. మొదటి రూపం అని అర్థం. ముక్కలో ఏం మార్చినా ఆ అక్షరం కూడా మార్చాలి, 'బి' అనో 'సి' అనో. మనుషులు పెట్టుకున్న నియమాల్లో ఇంత తెలివైనది నేను చూడలేదు. అందుకే కాబోలు దాన్ని పాటించరు!

దివాకర్ దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి నాగసుధ. కాళ్లు కదపలేని రోగులను కుర్చీతో సహా ఎత్తి నీటి తొట్టెలోకి దించే యంత్రం గీస్తోంది. దానికి మా అన్నలాంటి ప్లేటే కావాలి గానీ అంత మందం అక్కర్లేదు. అన్నను తెరిచింది, మందం పావు వంతుకు తగ్గించింది. అదే నా జననం. చక్కగా, సన్నగా, ఒక మనిషిని ఎత్తడానికి సరిపోయేంత బలంతో పుట్టాను.

అక్కడ ఆగి పేరో అక్షరమో మార్చి ఉంటే ఈ కథే లేదు. కానీ ఫోను మోగింది. అవతల ఆసుపత్రివాళ్లు. "ఆఁ అండీ, రేపు పంపించేస్తామండీ" అంటూనే సేవ్ నొక్కింది. కంప్యూటరు బుద్ధిగానే అడిగింది, ఈ ముక్క ఇంకో యంత్రంలో కూడా ఉంది, అక్కడా మార్చమంటారా అని. చదవకుండానే అవునని నొక్కేసింది. చదవకుండా అవుననడంలో మనిషికున్న వేగం ఏ యంత్రానికీ రాదు.

మీకొక సంగతి చెప్పాలి. కంప్యూటరులో గీసిన యంత్రంలో ముక్కలుండవు, ముక్కల పేర్లుంటాయి. పేరు పెట్టి పిలిస్తే ఆ పేరున్నవాడు వచ్చి కూర్చుంటాడు. దివాకర్ గ్యాంట్రీ మా అన్నను పిలిచింది. నేను వెళ్లి కూర్చున్నాను. ఏం చేయను? అన్న పేరు నా మీద ఉంది, అన్న ఎక్కడా లేడు.

ఆ తర్వాత గ్యాంట్రీ డ్రాయింగులు ప్రింటు తీశారు. ఇదివరకు తాను చూసినవే కదా అని దివాకర్ సంతకం పెట్టేశాడు. కింద షెడ్డులో నన్ను గ్యాసుతో కోశారు, రంధ్రాలు వేశారు, ఎర్రటి రెడాక్సైడు రంగు పూశారు, ఒంటి మీద 'ఎ' అని గుద్దారు. ఫిట్టరు పైడిరాజు నన్ను దూలం కింద వేలాడే రెండు చెంపపలకల మధ్య పెట్టి చూశాడు. "ఇదేటిది, ఇంత వదులుగా ఉంది?" అని డ్రాయింగు చూశాడు. అందులో నా మందం ఎంత రాసుందో నేనూ అంతే ఉన్నాను. "మేడ మీదోళ్లు ఏదో ఆలోసించే ఉంటారు" అని అటు నాలుగు, ఇటు నాలుగు వాషర్లు వేసి బిగించేశాడు. ఓరి నాయనా, అడగవేంరా అని నాకు అరవాలనిపించింది. నోరు లేనివాడి గొంతు ఎవరికి వినిపిస్తుంది?

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. కొత్త యంత్రం తొలిసారి బరువెత్తేటప్పుడు, దాన్ని గీసినవాళ్లు వచ్చి ఆ బరువుకు చెయ్యి ఆనించి నిలబడాలి. కొబ్బరికాయ కొట్టడం ఎంతో ఇదీ అంతే. దివాకర్‌కి అదంటే మహా ఇష్టం.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఓనరుగారు, రేవు నుంచి బోట్లవాళ్లు, అందరూ చేరారు. నాకు కుంకుమ పెట్టారు, కొక్కేనికి నిమ్మకాయ కట్టారు. పాత బోటు ఇంజనొకటి తెచ్చి, దానికి ఇనుప దిమ్మలు కూడా కట్టి కొక్కేనికి తగిలించారు. దివాకర్ చొక్కా చేతులు మడిచి, దాని పక్కకు వచ్చి అరచెయ్యి ఆనించాడు. చైన్ లాగడం మొదలుపెట్టారు. ఇంజను నేల వదిలింది. దివాకర్ ఛాతీ ఎత్తుకు వచ్చింది.

నేను భరించలేకపోయాను. కింది రంధ్రం సాగుతోంది. నేనొక రోగిని ఎత్తాల్సినవాణ్ని, నా మీద ఇంత భారమా! ఒంటి మీది రంగు పెచ్చు లేచి దివాకర్ భుజం మీద పడింది. అతను పైకైనా చూడకుండా దులుపుకున్నాడు.

గురువుగారి యంత్రం చూద్దామని మేడ దిగి వచ్చిన నాగసుధ ఆ పెచ్చును చూసింది. తలెత్తి నా వైపు చూసింది.

"పైడిరాజూ, ఆ వాషర్లెందుకు?"

"ఖాళీ వచ్చినాదమ్మా. సర్దేసినాం."

ఏం జరిగిందో ఆమెకు అంతా అర్థమైపోయింది. పక్కనే ఓనరుగారు, ఎదురుగా బోట్లవాళ్లు. నోరు విప్పితే తప్పు తనదని అందరికీ తెలిసిపోతుంది. ఒక్క క్షణం ఊరుకుంది. ఆ క్షణం కూడా నేనే మోశాను.

"సార్, ఇవతలికి వచ్చేయండి!"

దివాకర్ నవ్వాడు. "భయమెందుకమ్మా? నా ప్లేటు దీనికి మూడింతలు మోస్తుంది. ఆ లెక్క నువ్వే కదా సరిచూశావు."

"అది మీ ప్లేటు కాదు సార్! నాది! కుర్చీ ప్లేటు! నేనే మార్చేశాను!"

అతను పైకి చూశాడు. సన్నగా, వాషర్ల మధ్య ఇరుక్కుని, నేను. నవ్వు ఆగిపోయింది. కాళ్లు కదల్లేదు. నాగసుధ పరుగున వెళ్లి మోచెయ్యి పట్టుకుని లాగింది. అతని రెండో కాలు ఇవతలికి వచ్చేదాకా పళ్ల బిగువున పట్టుకున్నాను, నాకు పళ్లుంటే. ఆ తర్వాత నా వల్ల కాలేదు. రంధ్రం చిరిగింది. ఇంజను పడ్డ చోట సిమెంటు నేల పగిలింది, నిమ్మకాయ నుజ్జునుజ్జయింది.

దివాకర్ ఒక డ్రమ్ము మీద కూలబడ్డాడు. నాగసుధ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏడవకమ్మా. నువ్వు చదవకుండా నొక్కావు, నేను చూడకుండా సంతకం పెట్టాను, వాడు అడక్కుండా సర్దేశాడు. ముగ్గురం కలిసి నన్ను చంపబోయాం" అన్నాడు.

ఓనరుగారు మాత్రం మండిపడ్డారు. "బరువుకి చెయ్యి ఆనించే వేడుక ఇక ఈ షెడ్డులో లేదు! ఆ శ్రద్ధేదో మేడ మీద, సేవ్ నొక్కేముందు చూపించండి!"

మా అన్న మళ్లీ పుట్టాడు, గ్యాంట్రీకి ఎక్కాడు. నా తమ్ముళ్లు ఆసుపత్రిలో మనుషులను ఎత్తి దించుతున్నారు. నేను ఎవరినీ ఎత్తలేదు. చిరిగిన రంధ్రంతో నాగసుధ కంప్యూటరు పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఏ ముక్కనైనా మార్చేముందు ఆమె నా మీద చెయ్యి వేసి అడుగుతుంది, "సార్, ఇది మీ యంత్రాల్లో ఎక్కడైనా ఉందా?" దివాకర్‌కి జవాబు తెలిసినా సరే, "ఉండమ్మా, చూసి చెప్తా" అని తన డ్రాయింగులు తెరిచి చూస్తాడు.

నన్ను మేడ మీదికి తెచ్చిన రోజున ఆమె పెయింటు పెన్నుతో నా మీది 'ఎ' కొట్టేసి, పక్కన 'బి' అని రాసింది. చిరిగాక గానీ నాకు సొంత పేరు రాలేదు. ఇక ఈ పేరుతో పిలిస్తే నన్నే పిలిచినట్టు. ఎవరూ పిలవరనుకోండి.