సాక్ష్యం చాలని కిడ్నీ

గోదావరిఖని బొగ్గు బాయిలో పనిచేసే సదయ్యకు రెండు కిడ్నీలూ చెడిపోతే, అక్క సారవ్వ తనదొకటి ఇచ్చింది. హైదరాబాద్ దవాఖానలో ఆమె కడుపు మీద మూడు చిన్న బెజ్జాలు పెట్టి, కెమెరాతో లోపలికి చూసుకుంటూ కిడ్నీని విడదీసి, పొత్తికడుపు కింద చిన్న గాటులోంచి బయటికి తీశారు. సదయ్యకు మాత్రం జానెడు కోత పడింది.

చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇద్దరూ సదయ్య క్వార్టరుకు తిరిగి వచ్చాక, చూడవచ్చిన వాళ్లంతా అతని మంచం చుట్టూ చేరారు. ఆపిల్ పండ్లు, కొబ్బరి బోండాలు అన్నీ అతనికే. వాళ్లకు చాయ్ పోసింది సారవ్వ.

"కిడ్నీ ఇచ్చినోళ్లు గిట్ల తిరుగుతరా అక్కా?" అన్నాడు సదయ్యతో ఒకే షిఫ్టు చేసే కొమురెల్లి.

సారవ్వ కొంగు జరిపి మూడు మచ్చలు చూపింది.

"దోమలు కుట్టినట్టున్నయి. పిడికిలంత కిడ్నీ గీ బొక్కలకెళ్లి ఎట్లొచ్చింది?"

అసలు గాటు ఇంకా కిందుంది. అది కొమురెల్లికి చూపేది కాదు.

మాట కాలనీ అంతా పాకింది. చివరికి సదయ్యే నేలచూపులు చూస్తూ అడిగాడు. "ఏమనుకోకక్కా. నిజంగనే ఇచ్చినవా?"

సారవ్వ లేచింది. చెప్పులేసుకుని, పక్కింటి కుబ్రా బేగంను తోడు తీసుకొని స్కానింగుకు పోయింది. కిడ్నీ ఒకటే ఉందన్నాడు డాక్టరు. కుబ్రా బేగం ఆ సంగతి ఇంటింటికీ చెప్పివచ్చింది.

కొమురెల్లి చాలాసేపు ఆలోచించాడు. "అంటే పుట్టినప్పటిసంది ఒకటే ఉన్నట్టు. పాపం, ఇద్దామన్నా ఆమె దగ్గర లేకపాయె."

కాలనీ వాళ్లకు ఇది సబబుగానే తోచింది. జాలిపడి సారవ్వకు కూడా పండ్లు తెచ్చిచ్చారు.

"ఫికర్ చెయ్యకు. ఆ గాటు స్కానింగు కాడ నేను చూసిన గద," అంది కుబ్రా బేగం.

"నువ్వు చూస్తే వాళ్లు నమ్మాలె గద," అంది సారవ్వ.

మర్నాడు సదయ్య బాత్రూములోంచి వస్తుంటే తలుపుకు అడ్డంగా నిలబడిందామె.

"ఆపరేషన్‌కు ముందు నీకు ఒంటేలు సక్కగొచ్చిందారా?"

"ఎక్కడిదక్కా. చుక్క రాకపోయేది."

"ఇప్పుడో?"

"ధారగొస్తున్నది."

"ఎవరి పుణ్యమనుకుంటున్నవురా అది?"

సదయ్య వెనక్కి తిరిగి బాత్రూము వైపు చూశాడు. అక్క కాళ్ల మీద పడబోయాడు గానీ, కుట్లు లాగి సగంలోనే బిగుసుకుపోయాడు. సారవ్వే భుజం పట్టి నిలబెట్టింది. ఇద్దరూ ఏడ్చారు.

ఆనాటి నుంచి సదయ్య ఒంటేలుకు లేవాల్సి వచ్చినప్పుడల్లా, "అక్కా, పోయిరావాల్నా?" అని అడగసాగాడు. మొదట్లో ఆమెకు సిగ్గేసింది. తరువాత అలవాటైంది. ఒకరోజు పోపు మాడుతుంటే, "జర ఆగు," అంది. సదయ్య బాత్రూము ముందు చేతులు కట్టుకొని ఆగాడు.

చూడవచ్చిన కొమురెల్లి అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఇచ్చినట్టే ఉన్నది," అన్నాడు.