లేని త్రిభుజం

దిద్దిన పేపర్ల కట్టలు తీసుకెళ్లే వ్యాను నాలుగింటికి బయల్దేరుతుంది. మూడూ నలభైకి లెక్కల మేడం చేతిలో ఒక్క జవాబుపత్రం మిగిలింది.

అప్పటికి దానికి ముప్పై ఒకటి. పాసవ్వాలంటే ముప్పై ఐదు. దిద్దాల్సింది చివరి ప్రశ్న ఒక్కటే, ఐదు మార్కులు. లంబకోణ త్రిభుజం, కర్ణం పది సెంటీమీటర్లు, లంబకోణం నుంచి కర్ణం మీదికి ఎత్తు ఆరు. వైశాల్యమెంత? పదిని ఆరుతో గుణించి సగం చేస్తే ముప్పై. పొద్దుటి నుంచి దిద్దిన పేపర్లన్నిటిలోనూ ముప్పయ్యే.

ఇందులో మాత్రం ఒకే వాక్యం: "ఇలాంటి త్రిభుజం ఉండదు."

సున్నా చుట్టబోయిన ఎర్రపెన్ను గాల్లోనే ఆగింది. ఉండదా?

గబగబా పది సెంటీమీటర్ల గీత గీసి, రెండు చివర్లా గుండుసూదులు గుచ్చింది. అట్టముక్క లంబకోణపు మూలను వాటి మధ్యకు తోసి, రెండంచులూ సూదులకు ఆనేలా జరిపింది. మూల పైకి లేచింది, అర్ధవృత్తంలా తిరిగి కిందికి దిగింది. నడిమధ్యన ఎత్తు ఐదు. అంతకు మించి వెంట్రుకవాసి కూడా లేవలేదు.

ఆమె ఒళ్లు ఝల్లుమంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత అందంగా ఎప్పుడూ దొరికిపోలేదు. ఆ ప్రశ్న తయారుచేసింది తనే మరి!

అవతల చీఫ్ ఎగ్జామినర్ కట్టల మీద సీలు వేయడానికి లక్క కరిగిస్తున్నాడు.

"ఆగు తమ్ముడూ! జవాబుల కీ తప్పు."

"అక్కా, చంపకు. పది నిమిషాలే ఉంది. అయినా ఏ దద్దమ్మ ఇచ్చాడా ప్రశ్న?"

"నేనే. తిట్లు తర్వాత, ముందు ఈ మూలని ఆరు దాకా లేపు చూద్దాం."

చీఫ్ తోశాడు, లాగాడు. సూది వంగింది గానీ మూల లేవలేదు. పేపర్లు దిద్దుతున్న మాస్టర్లంతా మూగారు.

"స్కేలు అరిగిందేమో సార్!"

స్కేలు మార్చారు. ఐదే.

చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇది పైకి రాస్తే నీకు మెమో ఖాయం. మళ్లీ జన్మలో పేపరు తయారుచేయనివ్వరు."

"రాయి. సంతకం పెడతా."

"మరి ముప్పై అని రాసినవాళ్లు?"

"తప్పు నాది. వాళ్ల మార్కులు ముట్టుకోకు. ఉండదని రాసినవాళ్లని మాత్రం వెతకాలి, ఇప్పుడే."

అతను లక్క కింది మంట ఆర్పేశాడు. "కట్టలన్నీ విప్పండి! వ్యాను ఆగుతుంది."

ఆమె ఐదు వేసింది. ముప్పై ఆరు. పాస్.

నాలుగూ పదికి మూల బల్ల దగ్గర కేక. "మేడం, ఇంకోటి! దీన్లో రుజువు కూడా రాశారు!"

"రుజువా! మడత పెట్టకు, వస్తున్నా!" కుర్చీ వెనక్కి తన్ని ఆమె పరుగెత్తింది.