రెండో కెమెరా

ఉదయం ఐదింటికే ఆమె అడవి అంచునున్న అతిథి గృహం గదిలో కూర్చుని మెత్తటి గుడ్డతో లెన్సులు తుడుస్తోంది. తర్వాత బ్యాటరీలు, ఫ్లాస్కులో టీ, భర్త మోకాలి నొప్పి మాత్ర, టోపీ. అన్నిటికన్నా చివర రెండు కెమెరాల్లో మెమరీ కార్డులు పెట్టాలి. పదకొండేళ్లుగా ఇదే వరస. అతను ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజరు. సెలవు దొరికితే అడవి జంతువుల ఫొటోగ్రాఫరు. ఆమె బడిలో లెక్కల టీచరు. సెలవు దొరికితే అతని సామాను మోసే మనిషి.

ఈ రోజు మాత్రం ఇంకో పని ఉంది. తీసిన ప్రతి ఫొటోలోనూ యజమాని పేరు దానంతటదే నమోదయ్యే ఏర్పాటు ఆ కెమెరాల్లో ఉంది. అతను స్నానానికి వెళ్లగానే ఆమె రెండో కెమెరా తీసి, అతని పేరు చెరిపి, తన పేరు ఒక్కో అక్షరమే ఎక్కించింది. పరాయి ఇంట్లో దొంగతనానికి దూరినట్టు మధ్యమధ్యలో స్నానాల గది తలుపు వైపు చూసింది.

పోయినేడు ఇదే అడవిలో అతనికి కడుపు పాడై కావలి గుడిసె వెనక్కి పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే పిల్ల ఖడ్గమృగం తల్లి గడ్డం కింద తల దూర్చింది. జీపులో మిగిలిన ఆమె, చేతిలో ఉన్న రెండో కెమెరాతో ఒకే ఒక్కసారి నొక్కింది. ఆ ఫొటోకి అతని ఫొటోగ్రఫీ క్లబ్బు మొదటి బహుమతి ఇచ్చింది. ఆ క్షణం కోసం మూడు గంటలు ఊపిరి బిగబట్టానని అతను వేదిక మీద చెబుతుంటే ఆమె ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఆ ఫొటో తీసింది నేను కదా అని ఇంటికొచ్చాక అడిగింది. "బటన్ నొక్కితే సరిపోయిందా? కెమెరా ఎవరిది, సెట్టింగు ఎవరిది?" అన్నాడతను. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే తీర్పు చెప్పేసింది. "మొగుడి పేరొస్తే నీ పేరు రానట్టా అమ్మాయ్? ఇంత చిన్నదానికి మొహం ముడుచుకుంటారా ఎవరైనా?"

క్లబ్బు పోటీలో సభ్యుల భార్యలకు వేరే విభాగం ఉంది. దాని ఫారం ఆమె లెన్సు సంచి అడుగున మడిచి దాచుకుంది. అన్నీ నింపింది. సభ్యుడైన భర్త సంతకం చేసే చోటు ఖాళీగా ఉంది. గడువు ఈ సాయంత్రమే. మంచి ఫొటో కళ్లెదుట పెడితే ఎందుకు చెయ్యడు అనుకుంది.

ఖడ్గమృగం రోజూ ఒకే చోటికొచ్చి పేడ వేస్తుందని పోయినేడు గమనించింది ఆమే. జీపును అక్కడికే పోనిమ్మంది. డ్రైవరు గొంతు తగ్గించి, "దీనికి చూపు ఆనదమ్మా. వాసనే. మన వాసన తగలకుండా గాలికి ఎదురుగా ఆపుతా," అన్నాడు.

తల్లి వచ్చింది. ఏడాదిలో ఎదిగిన పిల్ల దాని వెంటే ఉంది. తల్లి కొమ్ముతో నెట్టేస్తోంది, పొమ్మంటోంది. పిల్ల నాలుగడుగులు వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఆమె నొక్కింది. ఒక్కటి.

పక్కన అతను పళ్లు నూరాడు. అతని కెమెరాలో కార్డు లేదు. పేరు మార్చే హడావుడిలో ఆమె పెట్టడం మరిచిపోయింది.

"పదకొండేళ్లకి ఒక్క పని చెప్పాను నీకు," అంటూ ఆమె మెడలోంచి రెండో కెమెరా లాగేసుకున్నాడు. ఆ తర్వాత రెండు వందల ఫొటోలు తీశాడు. వాటిలో చాలావరకు జంతువుల వీపులే.

సాయంత్రం గదిలో ల్యాప్‌టాప్ ముందు ఫొటోలన్నీ తిప్పి తిప్పి చూసి, మొట్టమొదటి దాని దగ్గర ఆగాడు. "చూశావా, నా కన్నంటే ఇదీ."

"అది నేను తీసిందండీ," అంది. ఫారం తీసి ముందు పెట్టింది.

అతను చదివాడు. ఫొటో కింద ఉన్న పేరు కూడా అప్పుడే చూశాడు. కోపం రాలేదు. నవ్వాడు. కోపమొచ్చినా బాగుండేది.

"భలేదానివే. భార్యల విభాగంలో ఏమిస్తారో తెలుసా? టిఫిన్ డబ్బా. ఇంత మంచి ఫొటో దానికి తగలేస్తామా?" ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి టీ గ్లాసు కింద పరిచాడు. "అన్నిటికీ నా పేరే పెట్టెయ్. ఆ మెనూలు నాకు అంతుబట్టవు. ఇది మెయిన్ విభాగానికి పంపు. నేను స్నానం చేసొస్తా."

తలుపు పడింది. ఆమె కూర్చుంది. ఒక్కో ఫొటోకి అతని పేరు పెడుతూ పోయింది. నూట తొంభై, రెండు వందలు. ఒకటి మిగిలింది.

తన పేరుతో పంపితే సంతకం లేదని తిప్పికొడతారు. అతని పేరుతో పంపితే వేదిక, ముందు వరస, చప్పట్లు. పంపకుండా దాస్తే ఎక్కడ దాచాలి? ఇంట్లో అతని చెయ్యి పడని అర ఒక్కటి కూడా లేదని లెక్కల టీచరుకి ఆ క్షణంలో లెక్క తేలింది.

పిల్ల ఇంకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఆమె కళ్ల నిండా చూసుకుని, ఆ ఫొటోను ల్యాప్‌టాప్‌లోంచి తీసేసింది. కార్డులోంచి తీసేసింది. తెర మీది చెత్తబుట్టలోంచి కూడా తీసేసింది.

"పంపావా?" స్నానాల గదిలోంచి అడిగాడు.

"లేదండీ. చెరిపేశాను."

నీళ్ల చప్పుడులో అతనికి వినబడలేదు. "సరే, తువ్వాలు అందుకో," అన్నాడు.

ఆమె లేచి, తువ్వాలు అందించింది.